మిగిలిన అన్నం ఎవరి వాటా?

హైదరాబాద్‌లో అన్నం కుప్పలుగా వండే చోటేదంటే అందరి చూపూ పాతబస్తీ బిర్యానీ దేగ్‌ల వైపే పోతుంది. అమీర్‌పేట పేరు చప్పున ఎవరికీ తట్టదు. అది కోర్సుల పేట. జావా, ఒరాకిల్, డాట్‌నెట్ ఫ్లెక్సీల పేట. కానీ ఆ ఫ్లెక్సీల కింద నడిచే కుర్రకారుకు మూడు పూటలా తిండి కావాలి. మైత్రీవనం వెనక సందుల్లో, ధరంకరం రోడ్డులో, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ, మధురానగర్‌లలో హాస్టళ్లు, మెస్సులు, కర్రీ పాయింట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. కాస్త ముందుకెళితే పంజాగుట్ట: బిర్యానీ హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, నిమ్స్ ఆసుపత్రి బయట క్యారియర్లతో కూర్చున్న రోగుల బంధువులు. ఇంత వంట జరిగే చోట మిగలకుండా ఎలా ఉంటుంది? మరి ఆ మిగిలింది ఎక్కడికి పోతోంది?

మిగిలిన అన్నం దాచుకుని తినడం గురించి మాట్లాడితే పొదుపు పాఠంలా వినిపిస్తుంది. ఈ పేటల నూరేళ్ల చరిత్ర తిరగేస్తే మాత్రం అది వాటాల లెక్కగా కనిపిస్తుంది. రాత్రి కుండలో మిగిలిన దాని మీద ఎవరికి హక్కు, ఎవరికి ఆశ, ఎవరికి ఆంక్ష అన్నది ఒక్కో కాలం ఒక్కో రకంగా తేల్చింది. తినేవాడు ఫలానా అని తెలిసినంతకాలం మిగిలింది అన్నంగానే ఉంది. ఆ మనిషి లెక్కలోంచి తప్పుకున్న రోజు నుంచే అది చెత్త అయింది.

ఉట్టి, కుండ, కుడితి తొట్టి

నూరేళ్ల కిందట ఇవి నగరం అంచున ఉన్న పల్లెలూ, తోటలూ, జాగీర్దార్ల బంగ్లాలూ. ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన మహలులో రాచవిందులు జరిగేవి. ఆ చుట్టుపక్కల గుడిసెల్లో జొన్న గట్క, అంబలి. విందు జరిగిన మర్నాడు మిగులు ఒకలా ఉంటుంది, గట్క తిన్న ఇంటి మిగులు ఇంకోలా ఉంటుంది. అయినా రెండుచోట్లా ఒక ఏర్పాటు ఉండేది. రాత్రి మిగిలింది పొద్దున ఎవరి నోట్లోకి వెళుతుందో వండేటప్పుడే తెలుసు.

తెలంగాణ పల్లెలో సద్ది అంటే మిగిలిపోయింది మాత్రమే కాదు, మిగిల్చింది కూడా. పొద్దున్నే చేనుకు పోయేవాడికి పొయ్యి రాజేసి వండే తీరిక ఇంట్లో ఉండదు. అందుకని రాత్రి ఎసట్లోనే ఓ గుప్పెడు బియ్యమో, జొన్న నూకో ఎక్కువ వేసేవారు. మిగిలిన దాంట్లో నీళ్లో, పల్చటి మజ్జిగో పోసి ఉంచితే తెల్లారేసరికి కాస్త పులిసేది. ఉప్పు, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఉంటే మామిడికాయ తొక్కు. మూట కట్టి భుజాన వేసుకుంటే ఎండ నెత్తికెక్కేదాకా ఆకలి మాట లేదు. కోస్తా ఇళ్లలో దీనికి అన్న లాంటిది తరవాణి. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి ఏ రోజుకారోజు కుండలో పోస్తూ పులియబెట్టి, రాత్రి అన్నం అందులో వేసేవారు. పోతన దశమస్కంధంలో కృష్ణుడు గోపబాలుర నడుమ కూర్చుని ఆరగించింది కూడా చల్దులే. పెద్దల మాటను చద్దిమూటతో పోల్చిన జాతికి నిన్నటి అన్నం నామోషీ కాదు.

దాచడానికి ఉన్న సామగ్రి కొంచెమే. చీమలకు అందకుండా గిన్నె కింద నీళ్లపళ్లెం, పిల్లికి అందకుండా ఉట్టి, గాలి ఆడేందుకు మూత మీద పల్చటి బట్ట. కొంచెం కలిగినవాళ్ల ఇంట్లో జాలీ అలమర. పులుసు మిగిలితే పొద్దున పొయ్యి మీద మళ్లీ తెర్లనిచ్చేవారు. చేపల పులుసు మర్నాడే రుచన్న మాట అలా పుట్టిందే. అన్నం బాగుందో పాసిపోయిందో తేల్చడానికి వేళ్లే పరీక్షశాల. రెండు మెతుకులు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి విడదీస్తే సన్నటి తీగ సాగిందా, ఇక అది మనిషిది కాదు, గొడ్డుది. వాకిట్లో కుడితి తొట్టి ఉండేది. గంజి, కడుగు నీళ్లు, కూరగాయ తొక్కలు, పాసిన మెతుకులు అన్నీ అందులోకే. బర్రె తాగితే పాలయ్యేది. అంటే మనిషి తిననిదానికి కూడా తినే నోరు ఒకటి లెక్కలో ఉంది.

పండగలకూ ఇందులో వాటా ఉంది. బతుకమ్మ చివరి రోజున పెరుగు సద్ది, నువ్వుల సద్ది, పులిహోర కలుపుకుని చెరువు గట్టుకు పోయి ఒకరికొకరు పెట్టుకుంటారు. ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మకు బోనమెత్తిన తల్లి, అమ్మవారికి చూపించిన అన్నం ఇంటికి తెచ్చి నలుగురికీ పంచుతుంది. నగరంలోని మార్వాడీ కుటుంబాలు హోలీ తర్వాత వచ్చే శీతలాదేవి పూజనాడు పొయ్యి వెలిగించకుండా ముందురోజు వంటే తింటాయి. మడి పాటించే ఇళ్లలో మాత్రం రాత్రి అన్నం చద్ది కింద లెక్క. దేవుడికీ, పితృకార్యానికీ పనికిరాదు. పిల్లలకు పెట్టొచ్చు, పనివాళ్లకు పెట్టొచ్చు.

వాటాలో ఉన్న చేదు

ఆ చివరి మాట దగ్గర ఆగాలి. పాతకాలంలో ఒక్క మెతుకు కూడా వృథా పోలేదని మురిసిపోయేవాళ్లు, ఆ మెతుకు ఎవరి చేతిలో పడిందో, ఎలా పడిందో చెప్పరు. ఊరి బట్టలుతికే కుటుంబం నుంచి ఒక మనిషి సాయంత్రం గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. తలుపు తీసినవాళ్లు ఇంత అన్నం, ఇంత కూర వేసేవారు. అది దానం కాదు, చేసిన పనికి కూలిలో భాగం. ఒకే గిన్నెలో పది ఇళ్ల పప్పూ పులుసూ కలిసిపోయిన ముద్ద అది. జీతగాళ్లకు, వెట్టి చేసేవాళ్లకు చాలాచోట్ల దక్కింది నిన్నటిదే. పెళ్లి పందిళ్ల వెనక విసిరేసిన విస్తర్ల దగ్గర కుక్కలతో పాటు మనుషులూ కాచుకుని ఉన్న కాలం మరీ దూరమేమీ కాదు.

ఓంప్రకాశ్ వాల్మీకి హిందీలో రాసుకున్న ఆత్మకథ 'జూఠన్' 1997లో వచ్చింది. పెళ్లివారింట చాకిరీ చేసిన తల్లి తన పిల్లలకు కాస్త అన్నం పెట్టమని అడిగితే, ఇంటి యజమాని ఎంగిలి గంప వైపు చూపిస్తాడు. ఆమె ఆ గంపను అక్కడే కుమ్మరించి వెళ్లిపోతుంది. మళ్లీ ఆ గడప తొక్కదు. మిగులు గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఆ గంపను గుర్తుంచుకోవాలి. ఎంగిలి పడకముందు తీసి ఇచ్చింది అన్నం. ఎంగిలి పడ్డాక ఇచ్చింది అవమానం. రెండింటి బరువూ తూకానికి ఒకటే కావచ్చు, మనిషికి ఒకటి కాదు.

ఇందుకు ఎదురుగా నిలిచిన ఏర్పాట్లూ నగరంలో ఉన్నాయి. పేద విద్యార్థి వారానికి ఏడిళ్లలో వారాలు చెప్పుకుని తినే పద్ధతి తెలుగునాట పాతదే. ఆ పిల్లాడు ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో, ఇంటివాళ్లు తినగా ఉన్నదే తిన్నాడు. అలా కాకుండా, 1918లో రాజబహదూర్ వెంకట్రామారెడ్డి చొరవతో హైదరాబాద్‌లో వెలసిన రెడ్డి హాస్టల్ చదువుకునే కుర్రాళ్లకు ఒకే వంటశాల కింద, ఒకే పూట, వేడన్నం పెట్టింది. అమీర్‌పేట గురుద్వారాలో లంగర్‌కు కూర్చున్నవాళ్లందరికీ ఒకే వరస, ఒకే పప్పు, ఒకే రొట్టె. నగరానికి హాస్టల్ భోజనం అలవాటు చేసింది ఇటువంటి చోట్లే. ఆ అలవాటు అమీర్‌పేటలో తర్వాత ఎంత పెరిగిందో ముందు ముందు చూద్దాం.

గల్లా కొరత, సోమవారం ఉపవాసం

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో నిజాం సర్కారు రైతుల దగ్గర నిర్బంధంగా లెవీ గల్లా, అంటే ధాన్యం, వసూలు చేసింది. పండించినవాడికే గింజ కరువైన ఆ బాధ తెలంగాణ సాయుధ పోరాటానికి దారితీసిన కారణాల్లో ఒకటి. 1943లో బెంగాల్ కరువు. అటువంటి రోజుల్లో మిగిలిన అన్నం అన్న మాటే అరుదు. ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడని పిసినారిని వెక్కిరిస్తాం కానీ, చేతికంటిన మెతుకు కూడా లెక్కకొచ్చే కాలం ఉందని ఆ తరం చూసింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాజధాని కర్నూలు నుంచి తరలింది, ఉద్యోగులూ వాళ్ల వంటలూ కూడా తరలివచ్చాయి. సంజీవరెడ్డినగర్ లాంటి కాలనీలు వెలిశాయి. అమీర్‌పేటలో సారథి స్టూడియో వచ్చింది. పూర్తిగా హైదరాబాద్‌లోనే తీసిన తొలి తెలుగు చిత్రం 'మా ఇంటి మహాలక్ష్మి' 1959లో విడుదలైంది. గోంగూర, పులుసుకూరలు, ఆవకాయ వచ్చి గట్కకూ, ఖట్టీ దాల్‌కూ పొరుగయ్యాయి. పక్కింటి బాసీ రోటీ ఈ ఇంటికి కొత్త, ఈ ఇంటి తరవాణి వాసన ఆ ఇంటికి కొత్త. ఎవరి నిన్నటి తిండి వాళ్లకు ముద్దు.

ఇంతలో 1960ల కొరత. అమెరికాతో 1956లో కుదిరిన పీఎల్-480 ఒప్పందం గోధుమలు రేషన్ దుకాణాలకు వచ్చాయి. బియ్యం తినే ఇళ్లలో రాత్రిపూట చపాతీ అలా అలవాటయింది. మర్నాడు ఆ చపాతీలు తుంచి, ఉల్లిపాయ తాలింపు పెట్టిన ఉప్మా కూడా. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం సాయంత్రం ఒక్కపూట మానమని దేశాన్ని అడిగారు. చాలా హోటళ్లు ఆ పూట మూతపడ్డాయి. తినకుండా మిగిల్చింది ఇంకొకరి పళ్లెంలోకి వెళుతుందన్న నమ్మకం ఆ పిలుపు వెనక ఉంది. ఇంటి కుండలో జరిగే వాటాల లెక్క ఒక్కసారి దేశానికంతటికీ వర్తించిన సందర్భం అది.

అల్విన్ చల్లదనం, కుక్కర్ కూత

అమీర్‌పేటకు ఆనుకునే సనత్‌నగర్ పారిశ్రామికవాడ. 1942లో మొదలైన హైదరాబాద్ అల్విన్ అక్కడిదే. ఇనుప బీరువాలు, బస్సు బాడీలు, ఆ తర్వాత రిఫ్రిజిరేటర్లు, గడియారాలు. దక్షిణాదిలో ఒక తరం మధ్యతరగతికి ఫ్రిజ్ అంటే అల్విన్. ఆ కంపెనీ ఉద్యోగులు కాపురమున్న వీధుల్లోకే ఆ ఫ్రిజ్‌లు వాయిదాల మీద వచ్చాయి. కొన్నాళ్లు ముందుగదిలో, వచ్చినవాళ్లకు కనబడేలా నిలబడ్డాయి. 1990ల తొలినాళ్లలో సంస్థ దెబ్బతిని ఫ్రిజ్‌ల విభాగం వోల్టాస్ చేతికి పోయింది. అలవాటు మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఫ్రిజ్ చేసిన మేలు చిన్నది కాదు. పాలు విరగవు, పెరుగు పులవదు, ఇడ్లీపిండి నాలుగు రోజులు నిలుస్తుంది. మొదటిరోజు ఇడ్లీ, రెండో రోజు దోసె, మూడో రోజు ఊతప్పం, నాలుగో రోజు పులిసిన పిండితో పునుకులో గుంటపొంగడాలో. ఒకే పిండి వయసును బట్టి వేషం మార్చుకోవడం ఈ కాలనీల వంటింటి పాండిత్యం.

కానీ ఉట్టి మీది గిన్నెకు ఒక గడువు ఉండేది. తెల్లారితే తినాలి, లేకపోతే కుడితిలో వేయాలి. ఫ్రిజ్ ఆ గడువును చెరిపేసింది. ఈ పూట ఎవరు తింటారన్న ప్రశ్నను రేపటికీ ఎల్లుండికీ వాయిదా వేసే వీలు కల్పించింది. స్టీలు గిన్నె వెనక ఇంకో స్టీలు గిన్నె చేరి, నాలుగో రోజున మూత తీసి చూసి ముఖం చిట్లించి పారబోయడం అప్పుడే మొదలైంది.

ఇంకో యంత్రం చప్పుడు చేస్తూనే పెద్ద మార్పు తెచ్చింది. ప్రెస్టీజ్, హాకిన్స్ ప్రెషర్ కుక్కర్లు రెండూ 1959లోనే దేశంలో అమ్మకానికి వచ్చాయి. అవి ఇంటింటికీ చేరాక గంజి వార్చడం పోయింది. గంజి లేకపోతే తరవాణి కుండకు పోషణ లేదు, కుడితి తొట్టికి తాగుడు లేదు. కాలనీల్లో బర్రెలూ తగ్గాయి. అపార్ట్‌మెంట్లు లేచాయి. పాసిన మెతుకును పాలుగా మార్చే దారి మూసుకుపోయింది. ఎవరూ చద్దన్నాన్ని వద్దనలేదు. దాన్ని పుట్టించే సరంజామాయే ఒక్కొక్కటిగా వంటింట్లోంచి వెళ్లిపోయింది.

రెండు రూపాయల బియ్యం నుంచి సాంబ మసూరి దాకా

1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. జొన్న, సజ్జ తినే తెలంగాణ ఇళ్లలో వరి అన్నం రోజువారీ తిండి అయింది. పండగ పూట మాత్రమే తెల్లన్నం చూసిన పిల్లలు మూడు పూటలా దాన్నే తిన్నారు. ఆకలికి అది పెద్ద దెబ్బ. దాంతోపాటే గట్క, అంబలి పొద్దుటి పూట నుంచి పక్కకు జరిగాయి.

1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204 వచ్చింది. సాంబ మసూరి పేరుతో నగరం మనసు దోచింది. సన్నబియ్యం తినడం హోదా అయింది. దొడ్డుబియ్యం చద్ది పొద్దుటికి గట్టిగా నిలుస్తుందనీ, సన్నబియ్యం త్వరగా మెత్తబడి చెదురుతుందనీ పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు. 2025 ఉగాది నుంచి తెలంగాణ రేషన్ దుకాణాల్లోనూ సన్నబియ్యమే ఇస్తున్నారు. ఆ బియ్యాన్ని రీసైక్లింగ్ దళారులకు అమ్మేయకుండా ఇంట్లోనే వండుకుంటారన్నది దాని వెనక ఉద్దేశం. వండుకుంటే మంచిదే. మిగిలితే ఏం చేయాలో మాత్రం ఏ సర్కారు కార్డు మీదా రాసి ఉండదు.

హాస్టల్ ఎసరు

1990ల చివర్లో వై2కే కంప్యూటర్ సమస్య పుణ్యమా అని అమీర్‌పేట తలరాత మారింది. ఆదిత్య ఎన్‌క్లేవ్, మైత్రీవనం చుట్టూ కంప్యూటర్ శిక్షణ సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా డిగ్రీ చేత పట్టుకున్నవాళ్లందరికీ ఇదే మజిలీ. వాళ్ల కోసం పాత డాబాలు హాస్టళ్లయ్యాయి. గదికి ముగ్గురు, నలుగురు, అయిదుగురు. అద్దెలోనే తిండి. తల్లి చేతి వంట తిని పెరిగిన పిల్లాడు మొదటిసారి స్టీలు కంచం పట్టుకుని వరసలో నిలబడింది ఇక్కడే.

హాస్టల్ వంటగదిలో మిగులు ఎలా పుడుతుందో దగ్గర నుంచి చూడాలి. రాత్రి ఎనిమిదింటికి వంటమాస్టర్ ముందున్న చిక్కు ఒక్కటే: ఎందరు తింటారు? రిజిస్టర్‌లో ఎనభై మంది ఉంటారు. శుక్రవారం సాయంత్రం పదిమంది ఊరి బస్సు ఎక్కుతారు. ఇంకొందరు ఇంటర్వ్యూ నుంచి రారు. వచ్చినవాళ్లలో కొందరు వంకాయ కూర చూసి మొహం తిప్పుకుని బయట ఎగ్ ఫ్రైడ్‌రైస్ తింటారు. తక్కువ వండితే తిట్లు, ఎక్కువ వండితే యజమాని చూపులు. అందుకని అనుభవమున్న మాస్టర్ అన్నం ఒక్కసారే వండడు. ముందు మూడొంతులు దించి, రెండో పొయ్యి మీద ఎసరు మరుగుతూ ఉంచుతాడు. నానబెట్టిన బియ్యం పక్కనే ఉంటాయి. గిన్నె అడుగు కనబడే వేళకు గదుల్లో దీపాలెన్ని వెలుగుతున్నాయో కుర్రాణ్ని పంపి చూసి రమ్మంటాడు. దాన్ని బట్టి ఆ బియ్యం ఎసట్లో పడతాయి, లేదా రేపటికి ఆగుతాయి. మిగిల్చిన బియ్యం ఎక్కడికీ పోవు. మిగిలిన అన్నంతోనే తంటా.

అలా మిగిలిన అన్నమే మర్నాటి పులిహోర, లెమన్ రైస్, టమాటా రైస్. సోమవారం పొద్దున టిఫిన్ వరసలో పచ్చటి అన్నం కనిపిస్తే పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకుంటారు. ఆ నవ్వులో తప్పు లేదు. పులిహోరకు చల్లారిన పొడి అన్నమే పట్టుబడుతుందన్నది ఏ వంటింట్లోనైనా ఉన్న మాటే. తేడా అంతా రాత్రి ఏం జరిగిందన్న దగ్గరే. మిగిలిన వెంటనే అన్నాన్ని వెడల్పాటి పళ్లేల్లోకి పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టారా, లేక డేక్షాలో మూతపెట్టి పొయ్యి పక్కనే వదిలేశారా? బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు. వెచ్చటి గిన్నెలో గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషం వదులుతాయి. మళ్లీ వేడిచేసినా ఆ విషం పూర్తిగా పోదు. నీళ్లు, మజ్జిగ పోసి పులియబెట్టిన చద్దిలో పులుపు పెరిగి చెడ్డ క్రిములకు చోటు తగ్గుతుంది. పొడిగా, వెచ్చగా, మూతకింద మగ్గిన అన్నానికి ఆ రక్ష లేదు. చద్దన్నం తిన్నా తాతలకేమీ కాలేదుగా అని హాస్టల్ డేక్షాను సమర్థించేవాళ్లు ఈ తేడా మరిచిపోతారు. 2024 వేసవి నుంచి రాష్ట్ర ఆహారభద్రత టాస్క్‌ఫోర్స్ నగరంలోని హోటళ్లూ, హాస్టళ్లూ వరసగా తనిఖీ చేసింది. తేదీ లేని డబ్బాలు, ఫ్రిజ్‌లలో మూతలేని గిన్నెలు అప్పుడు వార్తలకెక్కాయి.

హాస్టల్ వద్దనుకుని గది తీసుకున్నవాళ్లకు కర్రీ పాయింట్ ఆదుకుంది. గదిలో ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం, సందు చివర్లో ప్లాస్టిక్ కవర్లో ముడివేసిన పప్పు, సాంబారు, వేపుడు, రోటి పచ్చడి. ఒక్క మనిషికి ఒక్క పూటకు సరిపడా కొలత. ఇంట్లో కూర మిగలడం అన్న సమస్యను అది దాదాపు తీసేసింది. కూర మిగిలితే అది పాయింట్ వాడి నెత్తిన. కుక్కర్‌లో అన్నం మాత్రం మిగులుతూనే ఉంటుంది, గ్లాసు బియ్యానికి తక్కువ వండటం ఏ బ్యాచిలర్‌కూ చేతకాదు కాబట్టి. రాత్రి పదకొండుకు ఆ కుక్కర్ గిన్నెలోనే నీళ్లు పోసి, పొద్దున పెరుగు ప్యాకెట్ కత్తిరించి కలుపుకుని, ఇంటి నుంచి తెచ్చిన ఆవకాయ నంజుకున్నవాడు తన తాత తిన్నదే తిన్నాడు. చద్దికంటే ఊరగాయ ఘనమన్న సామెత ఆ గదిలో అక్షరాలా నిజం. జీతం వచ్చాక ఆ అలవాటు మాని పార్సిల్ ఆర్డర్ చేయడం మొదలుపెడతాడు. పదేళ్ల తర్వాత మట్టి మూకుట్లో, వందల రూపాయలకు 'చద్దన్నం' అమ్మే రెస్టారెంట్‌లో కూర్చుని దాన్నే తింటాడు. 2021లో మాస్టర్‌చెఫ్ ఆస్ట్రేలియా ఫైనల్లో బంగ్లాదేశీ మూలాలున్న కిష్వర్ చౌదరి పాంతా భాత్ వండాక, బెంగాల్ చద్దికీ ఒడిశా పొఖాళకూ తెలుగు తరవాణికీ ఒక్కసారి గిరాకీ పెరిగింది. పేదరికంతో తిన్నప్పుడు లేని గౌరవం మెనూ కార్డెక్కితే వచ్చింది.

పొయ్యి ఆరిన వారం

హాస్టల్ పొయ్యి మీద ఎందరి బతుకు ఆధారపడి ఉందో 2020 మార్చిలో తెలిసింది. కరోనా లాక్‌డౌన్ మొదలవగానే చాలా హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. సరుకులు రావు, వంటవాళ్లు ఊళ్లకు పోయారు. మార్చి 25న ఎస్.ఆర్.నగర్, పంజాగుట్ట పోలీసు స్టేషన్ల ముందు వందల మంది యువతీ యువకులు ఊరికి పోయే అనుమతి పత్రాల కోసం బారులు తీరారు. పత్రం దొరికి బయల్దేరినవాళ్లను ఆంధ్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపారు. హాస్టళ్ల నుంచి ఎవరినీ వెళ్లగొట్టవద్దని ప్రభుత్వం గట్టిగా చెప్పాల్సివచ్చింది. డబ్బుంది, ఫోనుంది, డెలివరీ యాప్ ఉంది. అన్నం మాత్రం లేదు. మిగులు గురించి విసుక్కునే పేట, మిగులన్నది ఉండటమే ఎంత భాగ్యమో ఆ వారంలో చూసింది.

రాత్రి పదకొండు గంటల బిర్యానీ

ఇళ్లలో, హాస్టళ్లలో మిగిలేది గిన్నెల్లో. ఫంక్షన్ హాళ్లలో మిగిలేది గంగాళాల్లో. బంతి భోజనాల్లో వడ్డించేవాడు అడిగి వేసేవాడు, పెద్దవాళ్లు ‘ఇంకాస్త వేయించుకో నాయనా’ అని మారు వడ్డించేవారు. విస్తరిలో వదిలేస్తే పక్కవాళ్లు చూస్తారన్న సిగ్గు ఉండేది. బఫే వచ్చాక మారు అడగాల్సిన పని లేదు. ఒకేసారి అన్నీ వడ్డించుకుని సగం వదిలేసే వీలు వచ్చింది. క్యాటరింగ్ ఒప్పందం ప్లేట్ల లెక్కన. అయిదువందల ప్లేట్లకు మాట్లాడుకుంటే నాలుగువందల మంది వచ్చినా వంట అయిదువందలదే. ఆ వంద ప్లేట్ల మిగులు పెళ్లివారిదా, క్యాటరర్‌దా? ఒప్పందంలో రాయరు. అడిగేవాళ్లూ ఉండరు.

ఇక్కడ మన ముహూర్తాల చిక్కు ఒకటి ఉంది. మన పెళ్లిళ్లు ఎక్కువగా రాత్రివి. సాయంత్రం అయిదింటికి దించిన బిర్యానీ, రాత్రి పదకొండు దాటాక మిగిలిందని తేలుతుంది. అప్పటికే ఆరు గంటలు. అప్పుడు ఫోన్ చేస్తే వచ్చేవాళ్లు ఎవరు? వచ్చి, ఎవరిని లేపి పెట్టాలి? 2014లో ఢిల్లీలో మొదలైన రాబిన్‌హుడ్ ఆర్మీ హైదరాబాద్‌లోనూ పనిచేస్తోంది. హోటళ్లలో, విందుల్లో మిగిలింది తీసుకుని ఫుట్‌పాత్‌ల మీద, ఆసుపత్రుల బయట పంచుతుంది. 2019లో జీహెచ్ఎంసీ ‘ఫీడ్ ద నీడ్’ పేరుతో వీధుల్లో ఫ్రిజ్‌లు పెట్టించే ప్రయత్నం చేసింది. ఎవరైనా మంచి తిండి పెట్టొచ్చు, ఎవరైనా తీసుకోవచ్చు. ఉట్టి వీధిలోకి వచ్చినట్టే. రోజూ తుడిచి, పాసింది తీసేసి, కరెంటు చూసే మనిషి ఉన్నంతకాలమే అటువంటి ఫ్రిజ్ అన్నం పెడుతుంది.

చట్టం కూడా కదిలింది. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడం మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో నిబంధనలు తెచ్చింది. 2020 జులై నుంచి అవి అమల్లోకి వచ్చాయి. పంచే సంస్థ నమోదై ఉండాలి, పొట్లం మీద వంట పేరు, ఎక్కడిది, ఎప్పటిలోగా తినాలి, శాకమా మాంసమా అన్నది రాయాలి. ఫ్రాన్స్ 2016లో ఇంకో అడుగు ముందుకేసి, 400 చదరపు మీటర్లు దాటిన సూపర్‌మార్కెట్లు అమ్ముడుపోని మంచి తిండిని పాడుచేయకూడదని చట్టం చేసింది. మన నిబంధనలు అంత దూరం పోలేదు. ఇవ్వాలని బలవంతం లేదు, ఇస్తే ఇలా ఇవ్వండని మాత్రమే ఉంది.

వీటన్నిటికీ భిన్నమైన దారి ఇంకొకటి అదే నగరంలో ఉంది. 2014 మార్చిలో జీహెచ్ఎంసీ, హరేకృష్ణ మూవ్‌మెంట్ వారితో కలిసి నాంపల్లి సరాయి దగ్గర 5 రూపాయల అన్నపూర్ణ భోజనం మొదలుపెట్టింది. 400 గ్రాముల అన్నం, సాంబారు, కూర, పచ్చడి. తర్వాత నగరమంతా కేంద్రాలు వచ్చాయి. 2025లో పేరు ఇందిరమ్మ క్యాంటీన్లుగా మారింది. మిగిలినది కాదు, పేదవాడి కోసం లెక్కపెట్టి వండినది. 5 రూపాయలు ఇచ్చి తిన్నవాడు ఎవరికీ దండం పెట్టనక్కర్లేదు. మిగులు పంచడం ఆకలికి మందు కాదని ఆ క్యాంటీన్ ముందు క్యూ చూస్తే అర్థమవుతుంది. మిగులును సరిదిద్దుకోవడం తిన్నవాడి బాధ్యత. ఆకలి తీర్చడం సమాజం బాధ్యత. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని తప్పించుకుంటే మళ్లీ ఎంగిలి గంప దగ్గరకే చేరుతాం.

లెక్క తేలాల్సిన చోటు

ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచం పారేసిన ఆహారం 105 కోట్ల టన్నులు. అందులో 60 శాతం ఇళ్లలోదే. భారతదేశంలో ఇంటి వంట నుంచి మనిషికి ఏడాదికి 55 కిలోల చొప్పున పోతోందని దాని అంచనా. హోటళ్లనూ పెళ్లిళ్లనూ తిట్టడం సులువు, కానీ పెద్ద వాటా మన స్టీలు గిన్నెలదే. ఆ అంచనాలో వాడకుండా పోయినవే కాదు, తొక్కలూ ఎముకలూ కూడా కలిసి ఉన్నాయి. అయినా బుట్ట బరువు బరువే. అది పొద్దున స్వచ్ఛ ఆటో ఎక్కుతుంది. తడిచెత్త, పొడిచెత్త వేరుచేయమని 2015 నుంచి బల్దియా చెబుతూనే ఉంది. వేరుచేయని తడిచెత్త జవహర్‌నగర్ చెత్తగుట్టకు చేరుతుంది. హోటళ్ల వెనక సందుల్లో డ్రమ్ములు నింపుకుపోయే పందుల పెంపకందార్లు నగరానికి మిగిలిన చివరి కుడితి తొట్టి. బోయిన్‌పల్లి మార్కెట్‌లో కుళ్లిన కూరగాయలతో గ్యాసు, కరెంటు తీసే ప్లాంటు అటువంటి ఆలోచనకే కొత్త రూపం.

నూరేళ్ల ఈ దారి వెనక్కి తిరిగి చూస్తే రెండు కాలాల మంచినీ కలుపుకోవాల్సి ఉందని తెలుస్తుంది. పాతకాలం మిగులుకు మనిషిని చూపించింది, కానీ కొందరి నోటికి ఎప్పుడూ నిన్నటిదే రాసిపెట్టింది. కొత్తకాలం ఆ రాతను చాలావరకు చెరిపింది, కానీ దాంతోపాటు మిగులుకు ఉన్న చిరునామానూ చెరిపేసింది. ఇప్పుడు కావలసింది కులం చెప్పని, గడువు చెప్పే వాటా. ఇంట్లో అయితే అది చాలా చిన్న పని: రాత్రి గిన్నె ఫ్రిజ్‌లో పెట్టేటప్పుడే ఇది రేపు పొద్దున ఫలానావాళ్లదని చెప్పి పెట్టడం. వండిన అమ్మకే ఆ వాటా ప్రతిసారీ పడకుండా చూడటం, ఎందుకంటే మన ఇళ్లలో చద్ది చివరికి ఆమె కంచంలోకే జారుతుంది. హాస్టల్‌లో అయితే రాత్రి భోజనానికి రానని ఆరింటికల్లా వాట్సాప్ గ్రూప్‌లో ఒక్క మాట పెట్టడం. ఆ ఒక్క మాటతో వంటమాస్టర్ రెండో ఎసరు దించేస్తాడు. పెళ్లి అయితే క్యాటరింగ్ ఒప్పందంలోనే మిగులు ఎవరిదో, ఏ గంటకు లెక్క చూడాలో, ఎవరికి ఫోన్ చేయాలో ఒక వాక్యం రాయించడం, మొదటి విడత భోజనాలు అయ్యాక వడ్డించని గంగాళాలను పక్కన పెట్టించడం.

ఇవేవీ త్యాగాలు కావు, వంటకు ముందు చేసే లెక్కలు. శుభలేఖ మీద ముహూర్తం నిమిషాలతో సహా అచ్చువేయించే జాతి మనది. మిగిలిన బిర్యానీకి కూడా ఒక గంట, ఒక పేరు రాయించడం అంతకంటే కష్టమేమీ కాదు.